పెళ్ళిపీటల దాకా వచ్చి మఠం తలుపు తట్టిన తార

సినిమా తార ఎవరైనా దేవుడి దారి పట్టిందన్న కబురు వినగానే మన పెదాల మీదకి ఓ చిన్న నవ్వు వచ్చేస్తుంది. "ఛాన్సులు తగ్గి ఉంటాయిలే!" అంటాడొకడు. "ప్రేమ బెడిసికొట్టి ఉంటుంది" అంటాడింకొకడు. "నాలుగు రోజులు ఆగండి, మళ్ళీ మేకప్ వేసుకుంటుంది చూడండి" అని మూడోవాడు పందెం కూడా కాస్తాడు.

డొలోరెస్ హార్ట్ సంగతిలో ఈ ముగ్గురూ పందెం ఓడిపోయారు!

ఆమెకి ఛాన్సులు తగ్గలేదు. 1957 నుంచి 1963 దాకా పది చిత్రాల్లో నటించింది. ఎల్విస్ ప్రెస్లీ సరసన రెండు చిత్రాల్లో కనిపించింది. పత్రికలవాళ్ళు ఆమెను "రెండో గ్రేస్ కెల్లీ" అని రాసేవాళ్ళు. పోనీ, ప్రేమ బెడిసికొట్టిందా అంటే అదీ లేదు. కాబోయే భర్త ఆమె అంటే ప్రాణం పెట్టేవాడు. పెళ్ళి ఏర్పాట్లు జరిగిపోతున్నాయి. ఇక మళ్ళీ మేకప్ వేసుకోవడమా? ఇరవై నాలుగో ఏట మఠంలో అడుగు పెట్టిన ఆ అమ్మాయి, జుట్టు నెరిసేదాకా అక్కడే ఉండిపోయింది.

మరెందుకు వెళ్ళింది? 1963 నుంచి ఎంతోమంది అడుగుతూనే ఉన్నారు. ఆమె చెబుతూనే ఉంది. అయినా అడిగినవాళ్ళకి తృప్తి లేదు. ఒక్క ముక్కలో చెప్పగలిగే జవాబు కాదది. ఆమె కథ మొత్తం వింటేనే కాస్త అంతుపడుతుంది.

శబ్దం లేని బొమ్మలు

డొలోరెస్ 1938 అక్టోబర్ 20న చికాగోలో పుట్టింది. అసలు ఇంటిపేరు హిక్స్. తల్లీ తండ్రీ ఇద్దరూ ఇంకా ఆటపాటల వయసు దాటకుండానే పెళ్ళి చేసుకున్నవాళ్ళు. తండ్రి బెర్ట్ హిక్స్ హాలీవుడ్‌లో చిన్నాచితకా వేషాలు వేసేవాడు. ఆ రోజుల్లో అమెరికాని తన గొంతుతో ఊపేసిన మారియో లాంజా ఆమె మేనత్త భర్త. ఇంట్లో సినిమా వాసన ఉంది గానీ ప్రశాంతత లేదు. తల్లిదండ్రులు విడిపోయారు. పిల్ల చికాగోలో అమ్మమ్మ తాతల పంచన పెరిగింది.

ఆ తాతగారి ఉద్యోగం ఏమిటో తెలుసా? సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్! మనవరాలిని కూడా కేబిన్‌లో కూర్చోబెట్టుకునేవాడు. ఆయనకి మధ్యలో కునుకు తీసే అలవాటు. రీలు అయిపోయే వేళకి ఆయన్ని తట్టి లేపడం ఈ పిల్ల డ్యూటీ. ఆయన నిద్ర చెడకూడదని శబ్దం లేకుండా బొమ్మలు మాత్రమే చూసేది. మాట వినపడదు, పాట వినపడదు. ముఖాలు మాత్రం కనపడతాయి. ఏడుపేదో నవ్వేదో ముఖం చూసి పోల్చుకోవాలి. నటనలో ఆమెకి దొరికిన తొలి పాఠం అదే.

ఇక దేవుడి సంగతి. ఆ ఇంట్లో పెద్ద భక్తి ఏమీ లేదు. ఇంటికి దగ్గర అని కేథలిక్ బడిలో వేశారు. ట్రాము పట్టాలు దాటి దూరపు బడికి వెళ్తే పిల్లకి ప్రమాదం అని పెద్దవాళ్ళ భయం. అంతకు మించి వేరే కారణం లేదు. అక్కడ పిల్లలంతా కలిసి రొట్టె తింటూ ఉంటే తనకీ వాళ్ళతో కూర్చుని తినాలనిపించింది. ఆ మాటే సిస్టర్లతో అంది. వాళ్ళేమో పిల్ల దివ్యసత్ప్రసాదం అడుగుతోందనుకుని మురిసిపోయారు! ఈ కథ ఆమే నవ్వుతూ చెప్పుకుంది. అలా రొట్టె కోసం మొదలైన ముచ్చట పదో ఏట జ్ఞానస్నానం దాకా వెళ్ళింది. ఇంట్లో ఎవరూ బలవంతం చేయలేదు. ఎవరూ అడ్డు చెప్పనూ లేదు.

ఎల్విస్ చెవులు కూడా ఎర్రబడ్డాయి!

కాలేజీలో చదువుతూ నాటకాలు వేస్తున్న రోజుల్లో నిర్మాత హాల్ వాలిస్ కంట్లో పడింది. అగ్రిమెంటు మీద సంతకం పెట్టించాడు. మొదటి చిత్రమే "లవింగ్ యు" (1957). హీరో ఎవరనుకున్నారు? అమెరికా కుర్రకారు పిచ్చెక్కిపోతున్న ఎల్విస్ ప్రెస్లీ. అమ్మాయికి పద్ధెనిమిదేళ్ళు.

ఆ చిత్రంలో ముద్దు సీను గురించి హాలీవుడ్ చాలా ఏళ్ళు చెప్పుకుంది. కెమెరా తిరుగుతోంది. ఇద్దరూ దగ్గరికి వచ్చారు. అంతే, అమ్మాయి చెవులు ఎర్రగా కందిపోయాయి. "కట్!" మేకప్ మనిషి పరిగెత్తుకొచ్చి రంగు అద్దాడు. మళ్ళీ మొదలుపెడితే ఈసారి ఎల్విస్ గారి వంతు. ఆయన చెవులూ ఎర్రబడ్డాయి! కోట్ల మంది అమ్మాయిల కలల రాకుమారుడు అంత బిడియస్తుడు. సెట్లో ఆమెని "మిస్ డొలోరెస్" అని గౌరవంగా పిలిచేవాడు.

మరుసటి ఏడు "కింగ్ క్రియోల్" (1958). న్యూ ఆర్లియన్స్‌లో అవుట్‌డోర్. అభిమానుల తాకిడికి హోటల్ గదిలోంచి బయటికి అడుగు పెట్టే వీల్లేదు. ఆ ఖాళీ సమయంలో ఎల్విస్ గదిలో ఉన్న బైబిల్ తీసి, ఏ పేజీ వస్తే ఆ పేజీ తెరిచి, ఈ మాటకి అర్థం ఏమిటి, నీకేమనిపిస్తోంది అని ఆమెని అడిగేవాడట. బయట వేలమంది కేకలు, లోపల ఇద్దరు కుర్ర తారలు ఒక వాక్యం మీద చర్చ! ఎల్విస్ 1977 ఆగస్టు 16న, నలభై రెండో ఏట పోయాడు. అన్నీ దొరికినవాడు, స్థిమితం ఒక్కటీ దొరకనివాడు. ఆ జీవితాన్నీ, ఈ జీవితాన్నీ పక్కపక్కన పెట్టుకుంటే మనసుకి ఏదో అవుతుంది.

డొలోరెస్ మాత్రం దూసుకుపోయింది. ఆంథొనీ క్విన్, ఆనా మాన్యానీలతో "వైల్డ్ ఈజ్ ద విండ్", మాంట్‌గొమరీ క్లిఫ్ట్‌తో "లోన్లీ హార్ట్స్", కుర్రకారుని థియేటర్లకి పరిగెత్తించిన "వేర్ ద బాయ్స్ ఆర్" (1960). మధ్యలో న్యూయార్క్ బ్రాడ్‌వేలో "ద ప్లెజర్ ఆఫ్ హిజ్ కంపెనీ" అనే నాటకం. దానికి 1959లో టోనీ అవార్డు నామినేషన్ కూడా వచ్చింది. ఇరవై ఏళ్ళకే ఇంత!

కొండ మీద మఠం

నాటకమంటే రోజూ వెయ్యాలి. ఒళ్ళు హూనమైపోయింది. "కనెక్టికట్‌లో ఒక చోటుంది. నాలుగు రోజులు ప్రశాంతంగా ఉండి రా" అని స్నేహితులు సలహా ఇచ్చారు. తీరా చూస్తే అది కన్యాస్త్రీల మఠం! అమ్మాయికి మొదట ఇష్టం లేదు. మొహమాటానికి వెళ్ళింది. 1959లో జరిగిన మాట ఇది.

ఆ మఠం పేరు రెజీనా లౌడిస్. ఊరి పేరు బేత్లెహేమ్. పేరు చూసి పాలస్తీనా అనుకునేరు, అమెరికాలోనే ఉంది. ఈ మఠానికీ ఓ సినిమా కథ ఉంది. దాన్ని స్థాపించిన మదర్ బెనెడిక్ట్ డస్ అమెరికాలో పుట్టి, ఫ్రాన్సులో పెరిగి, పారిస్‌లో డాక్టరీ చదివిన మనిషి. జువార్ అనే ఊళ్ళో మఠంలో చేరింది. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు ఫ్రాన్సుని ఆక్రమించుకున్నారు. అమెరికన్ కనుక ఆమె ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని తలదాచుకోవలసి వచ్చింది. 1944 ఆగస్టులో ఒకరోజు మఠం గోపురం ఎక్కి చూస్తే, జనరల్ పాటన్ సైన్యం ఊళ్ళోకి వస్తోంది! నన్ను విడిపించిన ఆ దేశానికి నేనేదో ఒకటి తిరిగి ఇచ్చుకోవాలి అని ఆ క్షణాన నిశ్చయించుకుంది. చేతిలో చిల్లిగవ్వ లేకుండా అమెరికా వచ్చి 1947లో ఈ మఠం పెట్టింది. ఆ కథ మీదే హాలీవుడ్ "కమ్ టు ద స్టేబుల్" (1949) తీసింది. లొరెట్టా యంగ్, సెలెస్ట్ హోమ్ సన్యాసినులుగా వేశారు. ఏడు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. తర్వాత అదే జనరల్ పాటన్ మనవరాలు ఈ మఠంలోనే సన్యాసిని అయింది. ఏ రచయిత రాసినా "మరీ అతికించినట్టుంది" అని మనం కొట్టిపారేసే ముగింపు!

బెనెడిక్టిన్ మఠంలో బతుకు చాలా కఠినం. ఆరో శతాబ్దంలో పునీత బెనెడిక్ట్ రాసిన నియమావళి. ప్రార్థించు, పని చెయ్యి. ఇవే దానికి రెండు కళ్ళు. పగలు ఏడుసార్లు, అర్ధరాత్రి దాటాక ఒకసారి లేచి లాటిన్‌లో కీర్తనలు పాడాలి. మిగతా వేళల్లో పొలం, పశువులు, పాలు, తోట. బయటివాళ్ళతో మాట కటకటాల చాటునుంచి.

విశ్రాంతికని వచ్చిన సినీ తారకి ఇలాంటి చోట ఏం దొరికిందో గాని, మళ్ళీ వచ్చింది. మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఓసారి ధైర్యం చేసి మదర్ బెనెడిక్ట్‌ని అడిగింది, నాకు ఈ పిలుపు ఉందంటారా అని. సినిమాల్లో వెయ్యడం తప్పా అని కూడా అడిగింది. మదర్ చిరునవ్వు నవ్వి, నువ్వింకా చిన్నపిల్లవి, వెళ్ళి నీ సినిమాలు చేసుకో అని పంపేసింది. సినిమా పాపమని గాని, అందం పాపమని గాని ఆవిడ అనలేదు. దేవుడిచ్చిన దాన్ని సక్రమంగా వాడుకోమంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. డొలోరెస్ తర్వాతి జీవితమంతా ఈ మాట మీదే నిలబడింది.

పోప్ గారు అన్న ఒక్క మాట

1961లో "ఫ్రాన్సిస్ ఆఫ్ అస్సీసీ" విడుదలైంది. డబ్బున్న ఇంట పుట్టి అన్నీ వదిలేసి బీదవాళ్ళతో బతికిన ఫ్రాన్సిస్ కథ. అందులో ఆయన బోధ విని, పెద్దింటి పెళ్ళి సంబంధం కాదనుకుని సన్యాసిని అయిన క్లారమ్మ పాత్ర డొలోరెస్‌ది. షూటింగ్ ఇటలీలో. అప్పుడే పోప్ ఇరవై మూడో జాన్ గారి దర్శనం దొరికింది. "నేను డొలోరెస్ హార్ట్‌ని. క్లారమ్మ వేషం వేస్తున్నాను" అని పరిచయం చేసుకుంది. ఆయన తల అడ్డంగా ఆడించి "కాదు, నువ్వే క్లారావి" అన్నారట.

పెద్దాయన ఆశీర్వదించి అన్న మాట అనుకుని ఊరుకోవచ్చు. ఆమె ఊరుకోలేకపోయింది. ఆ మాట చెవిలో మోగుతూనే ఉంది. 

ఆ తర్వాత "ది ఇన్‌స్పెక్టర్" (1962). అమెరికాలో "లీసా" పేరుతో ఆడింది. నాజీల శిబిరం నుంచి బతికి బయటపడ్డ యూదు యువతి వేషం. ఆ పాత్ర కోసం ఆష్విట్జ్ నుంచి ప్రాణాలతో వచ్చిన ఒక మహిళను కలిసి ఆమె గోడు విన్నది. నటి అన్నాక ఏడుపు నటించాలి, ప్యాకప్ అనగానే తుడిచేసుకోవాలి. కొన్ని కన్నీళ్ళు తుడిస్తే పోయేవి కావని ఆమెకి అప్పుడు తెలిసి ఉంటుంది.

శుభలేఖలు అచ్చయ్యాక...

ఈలోగా ఆమె జీవితంలోకి డాన్ రాబిన్సన్ వచ్చాడు. లాస్ ఏంజెలెస్ యువకుడు. మంచివాడు, భక్తిపరుడు. ఇద్దరికీ పెళ్ళి నిశ్చయమైంది. శుభలేఖలు అచ్చయ్యాయి.

నిశ్చితార్థం విందు ముగించుకుని ఇద్దరూ కారులో తిరిగి వస్తున్నారు. అమ్మాయి ముఖంలో ఏదో తేడా కనిపించింది డాన్‌కి. నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగాడు. ప్రేమిస్తున్నానని చెప్పింది. అది అబద్ధం కాదు. అక్కడే వచ్చింది చిక్కంతా! ప్రేమ లేకపోతే కాదనడం సులువు. ప్రేమ ఉండి కూడా ఇంకో పిలుపు వినిపిస్తుంటే ఏం చెయ్యాలి?

ఆమె మఠానికి వెళ్ళింది. ఈసారి తేల్చుకోవడానికి. తిరిగి వచ్చి డాన్‌తో నిజం చెప్పేసింది. ఆ కుర్రవాడి గుండె పగిలింది. కాని అరవలేదు, నిందించలేదు. ప్రతి ప్రేమా పెళ్ళితోనే ముగియాలని లేదు అన్న అర్థం వచ్చేలా మాట్లాడి పక్కకి తప్పుకున్నాడు. మన సినిమాల్లో ఇలాంటి త్యాగమూర్తి చివరి రీల్లో చచ్చిపోతాడు. డాన్ చావలేదు. అంతకంటే కష్టమైన పని చేశాడు. ఏం చేశాడో చివర్లో చెబుతాను.

1963లో "కమ్ ఫ్లై విత్ మి" విడుదలైంది. ఎయిర్ హోస్టెస్ వేషం. అదే ఆఖరి చిత్రం. ఆ పబ్లిసిటీ పని మీద న్యూయార్క్ వచ్చి, అక్కడినుంచి కారెక్కి జూన్ నెలలో మఠం గేటు ముందు దిగింది. "నువ్వే క్లారావి" అన్న పోప్ గారు ఆ నెల మొదట్లోనే కన్నుమూశారు.

హాలీవుడ్ నోరు వెళ్ళబెట్టింది. స్నేహితులు మతి పోయిందన్నారు. పుకార్లకి కొదవేముంది! ఎవరికి తోచింది వాళ్ళు అల్లారు.

ఏడేళ్ళ పరీక్ష

సాధారణంగా ఇలాంటి కథలు ఇక్కడితో ఆపేస్తారు. "అలా ఆమె ప్రభువు పాదాల చెంత శాంతి పొందెను" అని శుభం కార్డు వేసేస్తారు. నిజానికి అసలు కథ ఇక్కడే మొదలైంది.

మొదటి రోజుల్లో రాత్రుళ్ళు ఏడ్చేది. ఎత్తయిన మేడ మీదనుంచి కిందికి దూకినట్టు అనిపించిందని తర్వాత చెప్పుకుంది. నిన్నటిదాకా కారు తలుపు తీసిపెట్టే మనుషులు. ఇప్పుడు తోటలో కలుపు తీయాలి. నిన్నటిదాకా ఒక డైలాగు చెబితే చప్పట్లు. ఇప్పుడు అందరి గొంతులో గొంతు కలిపి, తన గొంతు విడిగా వినపడకుండా పాడాలి. తారకి ఇంతకు మించిన శిక్ష ఏముంటుంది చెప్పండి? పేరు కూడా మారిపోయింది. సిస్టర్ జూడిత్ అయింది.

తోటి సన్యాసినులకి కూడా అనుమానమే. ఈ సినిమా పిల్ల ఎన్నాళ్ళుంటుందిలే అనుకున్నవాళ్ళు ఉంటారు కదా! ఒక్క పూటలో మనిషి మారిపోడు. గేటు దాటినంత మాత్రాన పాత అలవాట్లు గేటు బయట ఆగిపోవు. రోజూ తెల్లవారగానే నేనిక్కడ ఉంటాను అని మళ్ళీ ఒకసారి నిర్ణయించుకోవాలి. బెనెడిక్టిన్లు చేసే మాటపట్టుల్లో స్థిరత్వం ఒకటి. అంటే ఒకే చోట, అదే మనుషుల మధ్య, చచ్చేదాకా. నచ్చినవాళ్ళతోనూ, నచ్చనివాళ్ళతోనూ! పెళ్ళికంటే తేలికేం కాదు.

1970లో శాశ్వత మాటపట్టు ఇచ్చింది. అప్పుడొక ముచ్చట జరిగింది. జూడిత్ పేరు పోయి మళ్ళీ డొలోరెస్ పేరు వచ్చింది. ఏ పేరుని వదిలేసిందో ఆ పేరే తిరిగి చేతికొచ్చింది. పాత మనిషిని చంపేసి కొత్త మనిషిని తయారుచెయ్యడం కాదు మార్పంటే. పాత మనిషినే కడిగి, తుడిచి, మళ్ళీ నిలబెట్టడం. ఆ మఠంలో జరిగే పని అదే.

అక్కడ మిగతావాళ్ళ సంగతీ అంతే. మదర్ నోయెల్లా అనే ఆమె ఆవుపాలతో జున్నుగడ్డ చేసే పనిలో ఉండి, ఆ చీజ్ మీద పెరిగే బూజు గురించి పరిశోధన చేసి మైక్రోబయాలజీలో డాక్టరేట్ తీసుకుంది! "చీజ్ నన్" అని ఆవిడ మీద డాక్యుమెంటరీ కూడా తీశారు. వచ్చేటప్పుడు ఎవరు ఏ విద్యతో వస్తే, ఆ విద్యని పారెయ్యకుండా పనికి పెట్టడం మదర్ బెనెడిక్ట్ పద్ధతి. మరి నటిగా వచ్చిన డొలోరెస్ విద్య? దానికీ రోజొచ్చింది. కాని అది ఇంకో నటి కన్నీళ్ళతో ముడిపడిన కథ.

ప్యాట్రీషియా నీల్ కోపం

ఆస్కార్ విజేత ప్యాట్రీషియా నీల్ పేరు పాత ఇంగ్లీషు చిత్రాలు చూసేవాళ్ళకి తెలుసు. "ద ఫౌంటెన్‌హెడ్" (1949)లో గ్యారీ కూపర్ పక్కన వేసింది. ఆయనకి పెళ్ళయింది, కూతురుంది. అయినా ఇద్దరూ ప్రేమలో పడ్డారు. కొన్నేళ్ళకి అది తెగిపోయింది. కూపర్ భార్యాబిడ్డల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఈమె 1953లో రచయిత రోఆల్డ్ డాల్‌ని పెళ్ళాడింది.

ఆ తర్వాత విధి ఆమెను వెంటాడింది. 1960లో న్యూయార్క్ వీధిలో పసివాడి బండిని టాక్సీ గుద్దింది. పిల్లాడి తలకి తీవ్రమైన గాయం. 1962లో ఏడేళ్ళ కూతురు ఒలీవియా తట్టు సోకి, అది మెదడుకెక్కి చనిపోయింది. "హడ్" చిత్రానికి ఉత్తమనటి ఆస్కార్ అందుకున్న మరుసటి ఏడు, 1965లో, గర్భిణిగా ఉన్న వేళ మెదడులో రక్తనాళాలు చిట్లాయి. మూడు వారాలు స్పృహ లేదు. లేచాక మాట లేదు, నడక లేదు. అక్షరం అక్షరం కూడబలుక్కుని, అడుగు అడుగు నేర్చుకుని, 1968లో "ద సబ్జెక్ట్ వాజ్ రోజెస్" చేసి మళ్ళీ ఆస్కార్ నామినేషన్ తెచ్చుకుంది. శభాష్ అనుకునేలోగా, భర్తకి మరో స్త్రీతో సంబంధం ఉందని తెలిసింది. 1983లో విడాకులు.

ఇంత కాలాక మనిషికి దేవుడి మీద ప్రేమ ఉంటుందా? కోపం ఉంటుంది. ఆమెకి అదే ఉంది.

అలాంటి మనిషికి రెజీనా లౌడిస్ దారి చూపించింది ఎవరు? గ్యారీ కూపర్ కూతురు మరియా! తన తల్లి కాపురంలో చిచ్చు పెట్టిన స్త్రీ అని ఒకప్పుడు మండిపడ్డ ఆ అమ్మాయే, పెద్దయ్యాక ఆమెను క్షమించి, ఈ మఠానికి వెళ్ళి చూడండి అని చెప్పింది. ఈ ఒక్క సీను చాలదూ!

ప్యాట్రీషియా అక్కడ ఉండి చూసింది. సన్యాసినులు ఆమెకి నీతులు చెప్పలేదు. నీ జీవితం అంతా కాగితం మీద పెట్టు అన్నారు. కోపం, సిగ్గు, తప్పులు, అన్నీ. ఆ రాతలోంచే ఆమె ఆత్మకథ "యాజ్ ఐ యామ్" (1988) పుట్టింది. తన పాపాలనీ తనకి జరిగిన అన్యాయాలనీ ఒకే చేత్తో రాసుకుంది.

డొలోరెస్ నటవిద్యకి పని దొరికిందీ ఇలాంటి స్నేహాలవల్లే. మఠం స్థలంలో చెట్ల మధ్య ఒక ఆరుబయలు నాటకశాల వెలిసింది. 1982 నుంచి వేసవి వస్తే ఊళ్ళోవాళ్ళు, పేరున్న నటులు కలిసి సంగీత నాటకాలు ఆడేవాళ్ళు. సన్యాసినులే నిర్వాహకులు. దానికి ప్యాట్రీషియా నీల్ అండ. నాటకశాల పేరు "ద గ్యారీ - ది ఒలీవియా". ఒకటి పోగొట్టుకున్న ప్రేమ పేరు, ఇంకోటి పోగొట్టుకున్న బిడ్డ పేరు. దాచుకుని కుమిలిపోవలసిన రెండు గాయాలు బోర్డు మీదకెక్కి, నలుగురినీ నవ్వించి పాడించే చోటయ్యాయి.

ప్యాట్రీషియా నీల్ చివరి రోజుల్లో కేథలిక్ విశ్వాసం స్వీకరించింది. 2010 ఆగస్టు 8న కన్నుమూసింది. ఆమె సమాధి రెజీనా లౌడిస్‌లోనే ఉంది.

ఆస్కార్ ఓటు వేసే సన్యాసిని

డొలోరెస్ సినిమాని పూర్తిగా వదిలేసిందనుకుంటున్నారా? ఊహూఁ! ఆస్కార్ అకాడమీ సభ్యత్వం అలాగే ఉంచుకుంది. మఠానికి కొత్త సినిమాలు పంపిస్తే చూసి ఓటు వేసేది. అకాడమీలో ఓటున్న సన్యాసిని ఆమె ఒక్కతే!

ఒళ్ళు మాత్రం సహకరించలేదు. నరాల జబ్బు పట్టుకుంది. కాళ్ళల్లో భరించలేని నొప్పి, నడక కష్టం. ప్రార్థన చేసేవాళ్ళకి జబ్బులు రావనీ, వచ్చినా చిటికెలో పోతాయనీ ఆమె ఎవరికీ చెప్పలేదు. 2006లో వాషింగ్టన్ వెళ్ళి అమెరికన్ కాంగ్రెస్ విచారణ ముందు కూర్చుని, ఈ జబ్బు మీద పరిశోధనకి సాయం చెయ్యండి అని తనలాంటి రోగుల తరఫున మాట్లాడింది. 2001 నుంచి 2015 దాకా మఠంలో ప్రయొరెస్ బాధ్యత, అంటే పెద్ద మదర్ తర్వాతి స్థానం, మోసింది కూడా ఈ నొప్పితోనే.

రెబెక్కా కమ్మీసా అనే దర్శకురాలు ఆమె జీవితం మీద "గాడ్ ఈజ్ ద బిగ్గర్ ఎల్విస్" అనే డాక్యుమెంటరీ తీసింది. దానికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. 2012 ఫిబ్రవరిలో, పట్టుచీరల్లాంటి గౌన్లూ వజ్రాల నెక్లెసులూ మెరిసిపోతున్న ఎర్రతివాచీ మీద, నల్లటి సన్యాసిని దుస్తుల్లో మదర్ డొలోరెస్ నడిచి వచ్చింది. కెమెరాలన్నీ అటు తిరిగాయి. అవార్డు వేరే చిత్రానికి వెళ్ళింది. ఆమె మఠానికి వెళ్ళిపోయింది.

2013లో ఆత్మకథ వచ్చింది. పేరు "ది ఇయర్ ఆఫ్ ద హార్ట్", హృదయానికుండే చెవి అని అర్థం. పునీత బెనెడిక్ట్ నియమావళి తొలి వాక్యాల్లోంచి తీసుకున్న మాట. ఎందుకు వెళ్ళావు అని అడిగినవాళ్ళకి ఆమె జవాబు కూడా దాదాపు ఇదే. ప్రేమని ఎలా వివరించను, దేవుణ్ణి ఎలా వివరించను అని ఎదురు అడిగేది. నాకు వినిపించింది మీకు వినిపించి ఉంటే మీరూ వచ్చేవారు అనేది.

డాన్ ఏం చేశాడంటే...

ఇక బాకీ పడ్డ సంగతి. డాన్ రాబిన్సన్ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఏటా క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ మఠానికి వచ్చేవాడు. ఒకప్పటి పెళ్ళికూతురితో కాసేపు కూర్చుని మాట్లాడేవాడు. మఠం పనుల్లో సాయం చేసేవాడు. కుర్రవాడుగా మొదలుపెట్టినవాడు ముసలివాడయ్యేదాకా రావడం మానలేదు. డొలోరెస్‌ని తాను మరిచిపోలేకపోయానని ఆ డాక్యుమెంటరీలో కెమెరా ముందే ఒప్పుకున్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. 2011 నవంబర్‌లో, ఆ చిత్రం ఆస్కార్ గుమ్మం ఎక్కక ముందే, ఆయన చనిపోయాడు.

ఇది ఆమె విజయమా, ఆయన ఓటమా? ఆమెకి దొరికిన వెలుగుకి ఆయన చెల్లించిన వెల ఎంత? ఈ ప్రశ్నకి భక్తి పుస్తకాల్లో జవాబు దొరకదు. ఆమె కూడా దాన్ని దాచిపెట్టలేదు. ఒకరి జీవితం మారితే చుట్టూ ఉన్న మరొకరి జీవితం కూడా కదిలిపోతుంది. ఆ కదిలిన మనిషి పగ పెంచుకోకుండా, దారికి అడ్డం పడకుండా, అన్నేళ్ళు స్నేహితుడిగా నిలబడ్డాడంటే మారింది ఒక్క డొలోరెసేనా? మఠంలో ఉన్నది ఆమె. మాటపట్టు పుచ్చుకున్నది ఆమె. కాని గేటు అవతల ఉండి, ఏ నియమావళీ లేకుండా, జీవితమంతా మాట మీద నిలబడ్డవాడు డాన్.

పందెం ఓడిన ముగ్గురూ వినండి. ఛాన్సులు పోతే పుట్టే వైరాగ్యం మళ్ళీ ఛాన్సు రాగానే పోతుంది. అన్నీ చేతిలో ఉండగా వచ్చిన పిలుపు మాత్రం అంత తేలిగ్గా పోదు. ఆ పిలుపు నిజమా కాదా అని తేల్చేది ఒక్క క్షణంలో కలిగే ఆవేశం కాదు. అర్ధరాత్రి గంట మోగగానే ఎన్నేళ్ళు, ఎన్ని వేలసార్లు లేచి నిలబడ్డారు అన్నదే లెక్క!